అడిగినవారికి అడిగినంత: నోటా, కండువా, క్యూఆర్ కోడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఓట్ల గురించి, మిగతా సగం పెళ్ళిళ్ళ గురించి. రెండింటికీ ముహూర్తం ముందే పెడతారు, ఖర్చు మాత్రం అయిపోయాకే తెలుస్తుంది. పేరు వేయొద్దన్నవాళ్ళే ఎక్కువ కనుక అందరివీ ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాం.

నోటాకి అందరికన్నా ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక రద్దుచేసి, నిలబడ్డవాళ్ళందర్నీ పక్కనపెట్టి మళ్ళీ పెడతారట. మా వీధివాళ్ళందరం ఈసారి నోటాకే అనుకుంటున్నాం. నిజమేనా? — రిటైర్డ్ టీచరు, భీమవరం

మాస్టారూ, మీ వీధి ఐకమత్యానికి ఓ దణ్ణం. కాని అసెంబ్లీకీ లోక్‌సభకీ అలాంటి రూలేం లేదు. నోటాకి లక్ష ఓట్లు, తర్వాతివాడికి వంద వచ్చినా ఆ వంద వచ్చినవాడే ఎమ్మెల్యే.

2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇప్పించింది ఒక్కటే: ఎవరూ నచ్చలేదని గుట్టుగా చెప్పుకునే వీలు. అంతకుముందూ బూతుదాకా వెళ్ళి ఓటెయ్యకుండా రావచ్చు. కాకపోతే ఆ సంగతి ప్రిసైడింగ్ ఆఫీసరుకి చెప్పి, 17ఎ రిజిస్టరులో రాయించి, ఏజెంట్లందరూ చూస్తుండగా సంతకం పెట్టాలి. మర్నాడు అదే వీధిలో పాలప్యాకెట్టు కొనుక్కోవాల్సిన మనిషి ఆ పని ఎందుకు చేస్తాడు?

2024లో ఇండోర్ లోక్‌సభ సీటు చూడండి. ఉపసంహరణ ఆఖరిరోజున కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకుని బీజేపీ బండెక్కాడు. గుర్తే లేకుండా మిగిలిపోయిన కాంగ్రెస్ నోటా నొక్కమని ప్రచారం చేసింది. నోటాకి 2,18,674 ఓట్లు పడ్డాయి. బీజేపీకి 12,26,751, బీఎస్పీకి 51,659. వరసలో రెండోది నోటాయే అయినా మెజారిటీ లెక్క కట్టింది మాత్రం బీఎస్పీ మీద: 11,75,092. పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వెయ్యకపోవడం అంటే ఇదే.

డిపాజిట్ దగ్గర ఇంకో తమాషా ఉంది. అసెంబ్లీకి 10,000, లోక్‌సభకి 25,000 (ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి సగం) కడతారు. చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటితేనే అది తిరిగొస్తుంది. ఆ చెల్లిన ఓట్లలో నోటాని కలపరు. అంటే మీ వీధి మొత్తం నోటా నొక్కితే ఆరోవంతు అనే గీత కాస్త కిందికి దిగుతుంది. మీరు కోపంతో నొక్కిన మీట, ఓడిపోయినవాడి డిపాజిట్‌కి సాయం అన్నమాట.

అదే ఏడాది సూరత్‌లో పోటీయే లేకుండా ఏకగ్రీవమైంది. పోలింగే లేదు, ఇక నోటా ఎక్కడ? స్థానిక సంస్థల సంగతి వేరు. 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు నోటా గెలిస్తే మళ్ళీ ఎన్నిక పెట్టాలని నిర్ణయించాయి. మీ వీధివాళ్ళు మకాం మార్చుకునే ఓపిక ఉంటే ఆలోచించండి.

నేను వెళ్ళేసరికి నా ఓటు ఎవరో వేసేశారు. "ఇంకేం చెయ్యలేం, వెళ్ళమ్మా" అన్నారు. నిజంగా ఏం చెయ్యలేమా? — గృహిణి, నల్గొండ

చెయ్యొచ్చమ్మా. వెళ్ళమన్నది మొదటి బల్ల దగ్గర జాబితా పట్టుకుని కూర్చున్న ఉద్యోగి అయ్యుంటారు. అక్కడ వాదించి లాభం లేదు. గదిలోనే ఉండే ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి "టెండర్డ్ ఓటు కావాలి" అనండి. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49పి అని ఒకటుంది, ఆ నంబరు చెబితే పని తొందరగా అవుతుంది. మీ కార్డు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, మీరు మీరేనని నమ్మకం కుదిరితే 17బి అనే ఫారంలో మీ చేత సంతకం పెట్టించుకుంటారు. తర్వాత కాగితం బ్యాలెట్ ఇస్తారు. మిషను మీద కుదరదు. ముద్ర వేసి, మడిచి వారికే ఇస్తే విడిగా కవరులో పెట్టి సీలేస్తారు. ఇవన్నీ పోలింగ్ ముగిసేలోపే జరగాలి. బయటికొచ్చి టీవీ మైకు ముందు చెప్పుకుంటే మాత్రం ఆ సాయంత్రం మీరు వార్త అవుతారు, ఓటరు అవరు.

ఉన్నమాట కూడా చెప్పాలి. లెక్కింపు రోజున ఆ కవరు విప్పరు. ఓడినవాళ్ళు ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేసి, తేడా స్వల్పమై, కోర్టు అవసరమనుకుంటేనే దాని మొహం చూస్తారు. అలాంటప్పుడు ఎందుకీ శ్రమ అనకండి. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో అప్పటి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు సి.పి. జోషి ఓడింది ఒక్క ఓటుతో.

ఇంకోటి. ప్రతి ఎన్నికకీ వాట్సాప్‌లో తిరిగే సందేశం ఒకటుంది. ఒక బూతులో టెండర్డ్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అనీ, జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి "ఛాలెంజ్ ఓటు" వెయ్యొచ్చనీ. రెండూ అబద్ధాలే. జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు, అంతే. ఛాలెంజ్ అనేది ఏజెంట్ల పని. వచ్చినవాడు దొంగ ఓటరని అనుమానం వస్తే ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గర 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పాలి. ఊరికే గొడవకోసం చేశారని తేలితే ఆ 2 రూపాయలు పోతాయి. కోట్లు ఖర్చయ్యే ఎన్నికలో ఇంత చవకైన పోరాటం ఇంకోటి లేదు. అయినా ఏజెంట్లు వాడరు, చిల్లర లేకేమో.

ఎన్నికల కోడ్ ఉండగా అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం. బంగారానికి డబ్బు పట్టుకెళుతుంటే చెక్‌పోస్టులో పట్టుకుంటారని భయపెడుతున్నారు. — ఖమ్మం

50,000 దాటిన నగదుకి కాగితం చూపించాల్సొస్తుంది, అందుకని బండిలో డబ్బుకన్నా ముందు కాగితాలు పెట్టుకోండి. బ్యాంకులో తీసిన డబ్బయితే ఆ రోజు ఎంట్రీ పడిన పాస్‌బుక్ లేదా విత్‌డ్రాయల్ స్లిప్, ధాన్యమో మిర్చో అమ్మినదైతే కమీషన్ కొట్టు పట్టీ, వీటితోపాటు శుభలేఖ ఒరిజినల్, మీ గుర్తింపు కార్డు. శుభలేఖ ఒక్కటే చూపించి బయటపడదామంటే కుదరదు. అది డబ్బు ఎక్కడికి పోతోందో చెబుతుంది గాని ఎక్కడినుంచి వచ్చిందో చెప్పదు, వాళ్ళడిగేది రెండోది.

అయినా పట్టుకుంటే గొంతు పెంచకుండా రసీదు అడగండి. ఎంత మొత్తం, ఏ నోట్లు, ఏ టైము, ఏ బృందం అన్నీ అందులో ఉండాలి. అప్పీలు ఎవరికి చెయ్యాలో కూడా వాళ్ళే చెప్పాలి. ప్రతి జిల్లాకీ దీనికోసం ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది, కలెక్టరేట్‌లో అడిగితే గది చూపిస్తారు. కేసు లేకుండా, అభ్యర్థితో గాని పార్టీతో గాని సంబంధం లేదని తేలితే విడుదల చేస్తూ ఉత్తర్వు ఇస్తారు. ఎఫ్‌ఐఆర్ లేనప్పుడు పోలింగ్ అయిన 7 రోజులకి మించి అట్టిపెట్టుకోకూడదని ఎన్నికల సంఘం నియమం. 10 లక్షలు దాటితే ఆదాయపు పన్నువాళ్ళకి కబురెళుతుంది. అన్నిటికన్నా సుఖం, నగల కొట్టుకి బ్యాంకు నుంచే పంపడం. కోడ్ పెట్టింది ఓట్లు కొనే డబ్బు కోసం, దొరికేది మాత్రం పసుపుతాడు కొనే డబ్బు. వల కన్నం సైజు అలా ఉంది మరి.

పాదయాత్రలు ఇచ్ఛాపురంలోనే ఎందుకు ముగుస్తాయి? — కాలేజీ విద్యార్థి, పలాస

దాటితే ఒడిశా. అక్కడ మనకి ఓట్లు లేవు. 2003లో చేవెళ్ళ నుంచి నడిచిన రాజశేఖరరెడ్డి గారూ, 2019 జనవరిలో 3,648 కిలోమీటర్లు పూర్తిచేసిన జగన్ గారూ ఆగింది అక్కడే.

ఎమ్మెల్యే పార్టీ మారితే పదవి పోతుందని చట్టం ఉందంటారు. మరి కండువా కప్పుకుని దర్జాగా తిరిగేవాళ్ళకి ఏమీ కాదేం? — హనుమకొండ

చట్టం గట్టిదే. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మార్చి "ఆయారామ్ గయారామ్" అనే మాటకి కారణమయ్యాడు. 1985లో ఇలాంటి ఫిరాయింపులు ఆపడానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు పెట్టారు. మూడోవంతు మంది చీలితే తప్పులేదని మొదట్లో ఓ కిటికీ వదిలారు, 2003 సవరణలో దాన్ని మూసేశారు. మూసిందీ చిన్న కిటికీయే. మూడింట రెండువంతుల మంది విలీనమంటే అది ఫిరాయింపు కాదన్న పెద్ద తలుపు అలాగే ఉంది. ఒకడు వెళితే ద్రోహం, డజను మంది వెళితే విలీనం.

డజను అని ఊరికే అనలేదు. 2019 జూన్‌లో తెలంగాణ అసెంబ్లీలో కాంగ్రెస్‌కి 18 మంది. 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమన్నారు, సరిగ్గా మూడింట రెండు. అదే నెలలో రాజ్యసభలో తెలుగుదేశానికి ఉన్న ఆరుగురిలో నలుగురు బీజేపీలోకి వెళ్ళారు, అదీ సరిగ్గా మూడింట రెండే. మన నాయకులకి భిన్నాలు రావని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఆ లెక్క కుదరనప్పుడే కండువా గొడవంతా. రాజీనామా ఇవ్వకపోయినా, నడవడిక బట్టి పార్టీని వదులుకున్నట్టే అనుకోవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. అందుకని ఫొటోకి విలువొచ్చింది. ఫొటోకి విలువొచ్చింది కాబట్టి కండువా బదులు శాలువా వచ్చింది. ఈసారి ఫొటో చూసినప్పుడు మెడమీద కాసేపు ఆగండి. అంచు రంగేమిటి, గుర్తు అచ్చయి ఉందా, కప్పుతున్న చెయ్యి ఎవరిది, వెనకున్న బ్యానరు మీద "చేరిక" అనుందా "మర్యాదపూర్వక భేటీ" అనుందా. "నియోజకవర్గ అభివృద్ధి కోసం కలిశాను" అనేది ఊరికే ప్రెస్‌తో అనే మాట కాదు, రేపు స్పీకరు నోటీసు పంపితే రాయబోయే జవాబుకి చిత్తుప్రతి.

ఇక తీర్పు చెప్పాల్సింది స్పీకరు. ఎన్నాళ్ళలో చెప్పాలో షెడ్యూల్లో రాయలేదు, జబ్బంతా అక్కడుంది. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు అంది. పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల వ్యవహారంలో 2025 జూలై 31న తెలంగాణ స్పీకరుకీ అదే గడువు పెట్టింది. గడువు లేని పరీక్షకి ఎవడు చదువుతాడండీ?

మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్. చదివింపులకి క్యూఆర్ కోడు పెడదామంటున్నాడు. బాగుంటుందా? — తెనాలి

బాగుంటుందా అంటే మర్యాద ప్రశ్న, చిక్కొస్తుందా అంటే పన్ను ప్రశ్న. మొదటిదానికి జవాబు తేలిక. పూర్వం బల్ల దగ్గర ఒకాయన నోటుబుక్కులో రాస్తూ "ఫలానావారు నూటపదహార్లు" అని మైకులో చదివేవాడు, అందుకే అవి చదివింపులు. ఇప్పుడు ఆ పని సౌండ్‌బాక్స్ చేస్తోంది, పేరు చెప్పకుండా అంకె ఒక్కటే. నిజానికి ఇదే కాస్త మర్యాద. పైగా కవరుకి రూపాయి బిళ్ళ వెతుక్కునే పని తప్పింది, 1116 కొడితే 1116 పోతుంది.

రెండోది జాగ్రత్తగా వినండి. పెళ్ళికూతురికి గాని పెళ్ళికొడుక్కి గాని పెళ్ళి సందర్భంలో వచ్చే కానుకలకి పన్ను లేదు, ఎంతైనా, ఎవరిచ్చినా. ఈ మినహాయింపు పెళ్ళికే. ఓణీల ఫంక్షన్‌కీ, గృహప్రవేశానికీ, అరవయ్యో పుట్టినరోజుకీ లేదు. అక్కడ బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటిందంటే, దాటిన ముక్కకే కాదు, మొత్తానికీ పన్ను లెక్కలోకి వస్తుంది.

పెళ్ళిలో కూడా అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కోడు తండ్రి ఖాతాది పెడతారు. మినహాయింపు పెళ్ళి చేసుకున్నవాళ్ళకి, చేసినవాళ్ళకి కాదు. తండ్రి స్నేహితులు తండ్రి ఖాతాకి వేస్తే అది తండ్రికొచ్చిన కానుకే. కాబట్టి పిల్లదో పిల్లాడిదో ఖాతా కోడు అచ్చేయించండి.

బంధువు అంటే ఎవరన్నది ఇంకా విడ్డూరం. భార్య లేదా భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల తోడబుట్టినవాళ్ళు, భార్య లేదా భర్త తోడబుట్టినవాళ్ళు, రెండువైపులా తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు, మనవలు, వీళ్ళ భార్యాభర్తలు. ఇంతే. అంటే సొంత మేనమామ బంధువు, వేలు విడిచిన మేనమామ పరాయివాడు. పెదనాన్న బంధువు, పెదనాన్న కొడుకు కాడు. మనం నోరారా అన్నయ్యా అని పిలిచేవాణ్ణి ఆదాయపు పన్ను శాఖ "మీరెవరండీ" అంటుంది.

నగదైతే ఒక సందర్భానికి ఒకరి దగ్గరనుంచి 2 లక్షలు, ఆపైన తీసుకోకూడదు. తీసుకుంటే అంతకి అంత జరిమానా, అదీ పుచ్చుకున్నవాడికి. నోటుబుక్కు మాత్రం మానెయ్యకండి. రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి ఎంత పెట్టాలో ఫోను చెప్పదు. బల్లమీద కోడు మీద ఇంకెవరైనా తమ స్టిక్కరు అంటించారేమో గంటకోసారి చూస్తుండమని ఓ కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. డబ్బు పంపేముందు తెరమీద పేరు చదవమని పెద్దవాళ్ళకి చెప్పడం కూడా వాడి పనే.

ఆడవాళ్ళకి బస్సు ఉచితమే కదా, మళ్ళీ సున్నా టికెట్టు ఎందుకు కొడతారు? కాగితం దండగ కాదూ? — సిద్దిపేట

ఉచితం మీకు, ఆర్టీసీకి కాదు. ఆ టికెట్టు సున్నా అయినా మామూలు ఛార్జీ ఎంతన్నది మిషన్లో పడుతుంది. ఆ లెక్కే ప్రభుత్వానికి బిల్లవుతుంది. మీరు టికెట్టు తీసుకోకపోతే మీ ప్రయాణం జరగనట్టే, సంస్థకి ఆ రూపాయి రానట్టే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఇదే పద్ధతి.

తగువులన్నీ కార్డు దగ్గరే వస్తాయి. తెలంగాణ బస్సులో కార్డు మీద తెలంగాణ చిరునామా ఉండాలి. విభజనకి ముందు తీసిన ఆధార్‌లో ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉన్నవాళ్ళు అప్‌డేట్ చేయించుకోవాలి. జిరాక్సో ఫోనులో ఫొటోనో చూపిస్తే కండక్టరు ఒప్పుకోకపోతే తప్పు ఆయనది కాదు.

మొన్నటిదాకా ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ముగ్గుర్ని కనమంటున్నారు. ఏది వినాలి? — కొత్తగా పెళ్ళయినవాళ్ళు, విజయనగరం

ఏదీ వినకండి. కాని ఎందుకంటున్నారో తెలుసుకోండి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మూడో బిడ్డ పుడితే సర్పంచి పోటీకి అనర్హత. మూడోవాణ్ణి బంధువుల ఖాతాలో రాయించిన కథలు ఊరికొకటి వినిపిస్తాయి. 2024 నవంబరులో ఆంధ్ర ఆ నిబంధన తీసేసింది, 2025లో తెలంగాణ అదే దారి పట్టింది.

కారణం సీట్లు. రాష్ట్రాలకి లోక్‌సభ స్థానాల వాటా ఇప్పటికీ 1971 జనాభా లెక్క మీదే ఉంది. 2001 సవరణ ప్రకారం 2026 తర్వాతి మొదటి జనగణన దాకా అది కదలదు. ఆ జనగణనకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3. చెప్పినమాట విన్నవాళ్ళకి సీట్లు తగ్గుతాయేమోనని బెంగ. మీరు ఇవాళే మొదలుపెట్టినా 2027 మార్చి 1కి ముగ్గురు కుదరరు. కాబట్టి నిదానంగా ఆలోచించుకోండి.

ఫ్లెక్సీలో నా ఫొటో చిన్నగా వేశారు. పార్టీ మారనా? — మండల స్థాయి నాయకుడు, పేరు వద్దన్నారు

ముందు సైజు తెలుసుకోండి. పైన వరసలో గుండ్రాల్లో ఢిల్లీ పెద్దలు, కుడివైపు నిలువెత్తున రాష్ట్ర నాయకుడు, ఎడమన నమస్కారం పెడుతున్న ఎమ్మెల్యే. కింద "శుభాకాంక్షలతో" అన్న పట్టీలో తపాలా బిళ్ళంత తలకాయలు పాతిక. మీరు ఆ పాతికలో ఉంటే మారినా అక్కడా అంతే. సైజు పెరగాలంటే దారి ఒక్కటే, అచ్చుఖర్చు మీరే పెట్టుకోవడం. అప్పుడు పక్కవాణ్ణి బిళ్ళ చెయ్యొచ్చు.

ఎలాగూ కడతారు గనక ఒక మాట. బిగుతుగా చెక్క చట్రానికి కొట్టిన ఫ్లెక్సీ గాలికి తెరచాపలా పనిచేస్తుంది. రెండు వెదుళ్ళు దాన్ని ఆపలేవు. అక్కడక్కడ గాలి పోయేలా కోతలు పెట్టాలి, రోడ్డు మధ్య డివైడరు మీద అసలు కట్టకూడదు. 2019 సెప్టెంబరులో చెన్నైలో స్కూటరు మీద వెళుతున్న ఒక యువ ఇంజినీరు మీద అలా కట్టిన పెళ్ళి బ్యానరే పడింది. ఆమె కిందపడగానే వెనకొచ్చిన ట్యాంకరు ఎక్కేసింది. ఫంక్షన్ అయిన మర్నాడే విప్పించండి, మీ తపాలా బిళ్ళతో సహా.

చుట్టాల వాట్సాప్ గ్రూపు రాజకీయాలతో నిండిపోయింది. ఎవరికీ తెలియకుండా తప్పుకోవచ్చా? — హ్యూస్టన్ నుంచి ఒక కోడలు

2022 నుంచి వెళ్ళిపోతే అడ్మిన్లకి మాత్రమే తెలుస్తుంది. కాని వెళ్ళినవాళ్ళ జాబితా 60 రోజులు ఎవరైనా చూడొచ్చు, గ్రూపు అడ్మిన్ మీ ఆడపడుచు అయితే జాబితా దాకా కూడా పోనక్కర్లేదు. మ్యూట్‌లో "ఎప్పటికీ" నొక్కి, ఆర్కైవ్‌లో పడెయ్యండి. పండగ రోజున మాత్రం తీసి ఒక దణ్ణం బొమ్మ పెట్టండి.